ఆకుకు గుప్పెడు, తైలానికి చుక్క: ఇంట్లోనే చేసుకునే నూనెలు, పొడులు

మా పెద్దవాడికి మూడేళ్ళప్పుడు, నవంబరు ముసురులో జలుబు చేసి, ముక్కు బిగుసుకుపోయి రాత్రంతా నిద్రపోలేదు. ఇంట్లో నీలగిరి తైలం సీసా ఉంది. చెట్టు నుంచి వచ్చిందే కదా, ఏమవుతుందిలే అని అరచేతిలో వంచుకుని నేరుగా వాడి ఛాతీకి, ముక్కు కింద కూడా రాసేశాను. పావుగంటకల్లా చర్మం కందిపోయింది, దగ్గు ఇంకా ఎక్కువైంది, పిల్లవాడు ఊపిరికి కష్టపడుతుంటే తెల్లవారుజామున ఆసుపత్రికి ఎత్తుకుని పరిగెత్తాం. దేవుడి దయవల్ల సాయంత్రానికి తేరుకున్నాడు. డాక్టరమ్మ అడిగిన మాట మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది: "ఎంత రాశావమ్మా?" నా దగ్గర జవాబు లేదు.

మా అవ్వది చంద్రగిరి దగ్గర పల్లె. ఆమె అన్నీ గుప్పెడు, పిడికెడు, చిటికెడు లెక్కనే చేసేది, ఎవరికీ ఏమీ కాలేదు. ఎందుకు కాలేదంటే ఆమె వాడింది ఆకు, వేరు, గింజ. సీసాలో దొరికే తైలం సంగతి వేరు. వంద కిలోల పచ్చి నిమ్మగడ్డిని బట్టీలో పెట్టి ఆవిరి పట్టిస్తే వచ్చే తైలం అర కిలో అటూ ఇటూ ఉంటుంది. అంటే ఒక్క చుక్కలో ఎంత గడ్డి ఇమిడి ఉందో చూడండి. అవ్వ కొలతలు ఆకుకు సరిపోతాయి, తైలానికి చుక్కలు లెక్కపెట్టాల్సిందే. ఈ ఒక్కటీ మనసులో పెట్టుకుంటే కింద చెప్పేవన్నీ ధైర్యంగా చేసుకోవచ్చు.

సహజం అంటే హాని లేనిదే అనుకునేవాళ్ళకి నేను మామిడి సొన గుర్తు చేస్తాను. మన చిత్తూరు వైపు తోటల్లో కాయ కోసేవాళ్ళ చేతులు చూశారా? తొడిమ దగ్గర కారే ఆ సొన తగిలినచోట చర్మం కాలినట్టు నల్లబడి పొక్కులు లేస్తుంది. దానికంటే సహజమైనది ఇంకేముంటుంది?

మొదట ఇంట్లో ఎవరెవరున్నారో చూసుకోండి

ఏమీ కలపకముందే చేయాల్సిన పని ఇది, చాలామంది వదిలేసేది కూడా ఇదే. రెండేళ్ళలోపు పిల్లలకి ఏ సుగంధ తైలమూ వద్దు, ఒంటికి వట్టి కొబ్బరినూనె చాలు. ఆరేళ్ళలోపు పిల్లలకి నీలగిరి, పుదీనా తైలాలు, మెంథాల్ కలిసిన బామ్‌లు ముఖానికి, ముక్కుకి దగ్గరగా రాకూడదు, వాళ్ళ ఊపిరి ఒక్కసారిగా పట్టేసే ప్రమాదం ఉంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరుని అడగకుండా వాడొద్దు. ఫిట్స్ వచ్చే మనిషి ఇంట్లో ఉంటే కర్పూరం, నీలగిరి, రోజ్‌మేరీ మూడూ దూరం పెట్టండి. ఆస్తమా ఉన్నవాళ్ళకి మంచి వాసన కూడా ఆయాసం తెప్పించవచ్చు. పిల్లి ఉంటే టీ ట్రీ ఆయిల్ దాని ఒంటికి తగలనివ్వకండి, నాకితే విషమే.

కర్పూరం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే తిరుపతి ఇళ్ళల్లో అది లేని ఇల్లుండదు. స్వామివారి గడ్డానికి పెట్టేది పచ్చకర్పూరం, లడ్డూలో వేసేదీ అదే, చాలా కొంచెం. దాంతో ఇది పవిత్రమైనది, మంచిది అని నూనెలో కాచి చంటిపిల్లల ఛాతీకి, పాదాలకి రుద్దుతారు. భక్తి వేరు, మోతాదు వేరు. కర్పూరం చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది, చంటిపిల్లలకి దానివల్ల ఫిట్స్ వచ్చిన సందర్భాలున్నాయి. మింగితే ఒక గ్రాము కూడా చిన్నపిల్లలకి ప్రాణం మీదికి తెస్తుంది. హారతి బిళ్ళలు పంచదార బిళ్ళల్లా కనిపిస్తాయి కాబట్టి పూజగదిలో కింది అరలో పెట్టకండి. ఈ మాట మీ అత్తగారికి, అమ్మకి నొచ్చుకోకుండా చెప్పి ఒప్పించండి, వాళ్ళు చేసేది ప్రేమతోనే.

సీసా కొనేటప్పుడు

మొదట్లోనే పది రకాలు కొనొద్దు. నా దగ్గర నాలుగే ఉన్నాయి: నీలగిరి, నిమ్మగడ్డి, లావెండర్, టీ ట్రీ. నీలగిరి తైలం అంటే మన పొలాల గట్లమీద ఉండే జామాయిల్ జాతి చెట్ల ఆకుల నుంచి తీసిందే. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి లావెండర్, నిమ్మగడ్డి రెండూ చాలు.

సీసా మీద మొక్క లాటిన్ పేరు ఉండాలి, ఉదాహరణకి నీలగిరికి యూకలిప్టస్ గ్లోబ్యులస్ అని. బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి, ముదురు రంగు గాజు సీసా అయి ఉండాలి. ప్లాస్టిక్ సీసాలో పోసినవి తీసుకోకండి, తైలం ప్లాస్టిక్‌ని తినేస్తుంది. "ఫ్రాగ్రెన్స్ ఆయిల్" అని రాసి ఉంటే అది వాసన కోసం తయారుచేసిన రసాయనం, దీపాల్లో, కొవ్వొత్తుల్లో వాడుకోండి, ఒంటికి వద్దు. ఇంటికొచ్చాక తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి మర్నాటిదాకా వదిలేయండి. నీలగిరి, నిమ్మగడ్డి లాంటి పలుచని తైలాలు జిడ్డు మరక లేకుండా ఆరిపోతాయి. నూనె వలయం మిగిలితే ఏదో వంటనూనె కలిపినట్టే. గంధపు నూనె, వట్టివేరు తైలం మాత్రం చిక్కగా ఉంటాయి కాబట్టి వాటికి ఈ పరీక్ష నమ్మకం కాదు.

అసలు గంధపు తైలం చాలా ఖరీదైనది. వందా రెండొందలకి సీసా నిండా "స్వచ్ఛమైన చందన తైలం" ఇస్తామంటే అది చందనం అయ్యే అవకాశం లేదు. ఇంకో మాట, శేషాచలం ఎర్రచందనానికి శ్రీగంధంలా సువాసన ఉండదు, దానిది రంగు గుణం. మన పాత ఇళ్ళల్లో ఎర్రచందనం బొమ్మలుండేవి, వాటినే సానరాయి మీద అరగదీసి మొటిమల మీద రాసేవాళ్ళు. ఇప్పుడు పొడి కావాలంటే బిల్లు ఇచ్చే ఆయుర్వేద షాపులోనే కొనండి. చెక్క ముక్క తెచ్చిస్తామని ఎవరైనా అంటే దగ్గరికి రానివ్వకండి, అడవిలోంచి దొంగతనంగా వచ్చినదాన్ని కొనడం కూడా నేరమే.

చుక్కల లెక్క

తైలం నేరుగా ఒంటికి రాయకూడదు, మామూలు నూనెలో కలపాలి. పుస్తకాల్లో క్యారియర్ ఆయిల్ అంటారు, మనకి అది కొబ్బరినూనె, నువ్వులనూనె, చెనిక్కాయ నూనె, ఏది ఉంటే అది. గానుగలో ఆడించినది దొరికితే ఇంకా మంచిది, చిత్తూరు వైపు చెనిక్కాయ గానుగ నూనెకి కొదవ లేదు. వేరుశనగ పడనివాళ్ళు ఇంట్లో ఉంటే మాత్రం అది వద్దు.

ఇరవై చుక్కలు సుమారు ఒక మిల్లీలీటరు. ఆ లెక్కన 30 మి.లీ. నూనెలో, అంటే రెండు పెద్ద చెంచాల్లో:

పెద్దవాళ్ళకి 12 చుక్కలు, అది రెండు శాతం.
ఆరేళ్ళు దాటిన పిల్లలకి, చర్మం పలచబడిన అవ్వలకీ తాతలకీ 6 చుక్కలు.
రెండు నుంచి ఆరేళ్ళ పిల్లలకి 3 చుక్కలే, అదీ లావెండర్ లాంటి మెత్తని తైలమైతేనే.

అప్పటికప్పుడు కొంచెమే కావాలంటే పెద్దవాళ్ళకి ఒక టీ చెంచా నూనెలో రెండు చుక్కలు. చుక్కలు ఎక్కువ వేస్తే ఫలితం ఎక్కువ రాదు, దురద ఎక్కువ వస్తుంది. సీసా మూతకి డ్రాపర్ లేకపోతే మందుల షాపులో గాజు డ్రాపర్ తెచ్చుకోండి. వంచి పోయడం అనే అలవాటు మానుకోవాలి, నా పొరపాటంతా అక్కడే జరిగింది.

కలిపినదాన్ని మోచేతి మడత లోపలివైపు కొంచెం రాసి ఒక రోజు ఆగండి. ఎర్రబడకపోతే, దురద పెట్టకపోతే వాడుకోండి. మంట పుడితే ముందు మామూలు నూనెతో తుడిచి, తర్వాత సబ్బునీళ్ళతో కడగండి, వట్టి నీళ్ళకి తైలం పోదు.

తలనూనె

ఇది మా ఇంట్లో నెలకోసారి చేస్తాం. కొబ్బరినూనె అర లీటరు, కరివేపాకు రెండు గుప్పెళ్ళు, మందార ఆకులు ఒక గుప్పెడు, ఒంటిరెక్క ఎర్రమందార పూలు ఆరేడు, గుంటగలగరాకు ఒక గుప్పెడు, మెంతులు ఒక చెంచా. ఆకులన్నీ కడిగి, నీడలో పల్చటి గుడ్డ మీద పరిచి ఒక రోజంతా ఆరబెట్టండి. తడి మిగిలితే నూనె వారంలోనే ముక్కవాసన వస్తుంది, ఒక్కోసారి బూజు కూడా పడుతుంది.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో, ఇనుప మూకుడైతే మరీ మంచిది, నూనె పోసి సన్నటి సెగ మీద పెట్టండి. ముందు మెంతులు, తర్వాత ఆకులు, చివర్న పూలు వేయండి. నూనె పొగలు కక్కకూడదు. ఆకులోని నీరు పోతున్నంతసేపూ సన్నగా చిటపటమంటూ బుడగలు వస్తుంటాయి. అరగంటో ముప్పావుగంటో అయ్యాక ఆ చప్పుడు ఆగిపోతుంది, ఆకు పట్టుకుంటే గలగలమని విరుగుతుంది. అదే గుర్తు, గడియారం చూడక్కర్లేదు. వెంటనే దించేయండి, ఇంకొంచెం ఉంచితే మాడు వాసన పట్టేస్తుంది. చల్లారాక పల్చటి నూలుగుడ్డలో వడకట్టి, పొడిగా ఉన్న గాజు సీసాలో పోసుకోండి.

వాసన కోసం లావెండరో రోజ్‌మేరీనో కలపాలనుకుంటే పూర్తిగా చల్లారాకే కలపాలి, వేడి నూనెలో వేస్తే తైలం ఆవిరైపోయి డబ్బులు గాలికి పోతాయి. 100 మి.లీ. తలనూనెకి 20 చుక్కలు చాలు. పిల్లలకి వాడేది ముందే వేరే సీసాలోకి తీసి పక్కన పెట్టుకోండి.

ఈ నూనెతో బట్టతల మీద జుట్టు మొలుస్తుందని నేను చెప్పను. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, తలంటినప్పుడు అందులోని మాంసకృత్తులు పోకుండా ఆపుతుంది, అందుకని వెంట్రుక తెగిపోవడం తగ్గుతుంది. ఆ మేలు ఒక్కటి చాలు. జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంటే థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించుకోండి, ముఖ్యంగా ఆడవాళ్ళు.

చుండ్రు ఉన్నవాళ్ళు తలనూనె రాత్రంతా ఉంచుకోకూడదు. చుండ్రుకి కారణమైన ఫంగస్ నూనె జిడ్డు మీదే బతుకుతుంది, మనం దానికి భోజనం పెట్టినట్టవుతుంది. తలంటుకునేటప్పుడు ఒక పెద్ద చెంచా షాంపూలో అయిదారు చుక్కల టీ ట్రీ ఆయిల్ కలిపి, తలకి పట్టించి మూడు నిమిషాలు ఉంచి కడిగేయండి, వారానికి రెండుసార్లు. నెల దాటినా తగ్గకపోతే చర్మం డాక్టరుకి చూపించండి.

షాంపూ బదులు కుంకుడుకాయలే మేలనిపిస్తే, నడుము దాకా జుట్టు ఉన్న మనిషికి పది పన్నెండు కాయలు పడతాయి. గింజ తీసి, వేడినీళ్ళలో రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి వడకట్టండి, ఒక చెంచా సీకాయ పొడి కలిపితే జిడ్డు బాగా వదులుతుంది. కళ్ళలో పడితే మంట తీవ్రంగా ఉంటుంది, పిల్లలకి తలంటేటప్పుడు తల వెనక్కి వాల్చి పోయండి.

నలుగుపిండి, ఎండ గొడవ

పెసలు పావు కిలో, శనగపప్పు వంద గ్రాములు, బియ్యం యాభై గ్రాములు, కస్తూరి పసుపు ఇరవై గ్రాములు, కచ్చూరాలు, వట్టివేరు ఇరవయ్యేసి గ్రాములు, ఎండిన గులాబీ రేకులు ఒక గుప్పెడు. అన్నీ ఒక రోజు ఎండలో పెట్టి, పిండిమరలో కాకుండా ఇంట్లో మిక్సీలోనే పట్టి జల్లించండి. మరలో అంతకుముందు మిరపకాయలు ఆడించి ఉంటే ఒళ్ళు మండిపోతుంది. వట్టివేరుని ముందు కత్తెరతో సన్నగా కత్తిరించుకోవాలి, లేకపోతే బ్లేడుకి చుట్టుకుంటుంది. పొడి చర్మం వాళ్ళు పాలతోనో మీగడతోనో, జిడ్డు చర్మం వాళ్ళు పెరుగుతోనో కలుపుకుని, గట్టిగా రుద్దకుండా, ఆరీ ఆరకముందే కడిగేసుకోవాలి. చంటిపిల్లలకి బాగా జల్లించిన పెసరపిండి ఒక్కటే చాలు, పసుపు, వేర్లు ఏమీ అక్కర్లేదు.

ఈ జాబితాలో బావంచాల గింజలు ఎందుకు లేవని మా వదిన అడిగింది. మా అవ్వ వేసేది, నేను తీసేశాను. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది, అది పట్టిన చర్మానికి ఎండ తగిలితే కాలినట్టు ఎర్రబడి, తర్వాత నల్లమచ్చలు మిగులుతాయి. బొల్లి మచ్చలకి వైద్యులు దాన్ని వాడేది ఆ గుణం వల్లే, కానీ అది వాళ్ళ పర్యవేక్షణలో జరగాలి. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే మన తిరుపతి ఎండలో ఆ పొడి రాసుకుని స్కూటీ మీద బయటికి పోవడం మంచిది కాదు.

నిమ్మకాయదీ అదే కథ. ముఖానికి నిమ్మరసం రుద్దుకుని ఎండలోకి వెళ్తే తెల్లబడకపోగా మచ్చలు పడతాయి. నిమ్మ తొక్కని పిండగా వచ్చే తైలం కూడా అంతే, రాత్రిపూట అయినా ముఖానికి నేను వాడను. నిమ్మగడ్డి తైలం వేరే మొక్కది, దానికి ఈ ఎండ గొడవ లేదు గానీ కొందరి చర్మానికి ఘాటు, అందుకే చుక్కలు తగ్గించే వేస్తాను.

కొండ నడిచి వచ్చిన కాళ్ళకి

అలిపిరి దారిలో మూడువేల అయిదువందల పైచిలుకు మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో రెండువేల మూడువందల పైచిలుకు. మా ఇంటికి వచ్చే చుట్టాలు ఎవరైనా సరే మెట్లు ఎక్కి వచ్చి మర్నాడు పొద్దున్నే పిక్కలు పట్టుకుని మంచం దిగలేరు. వాళ్ళకోసం ఒక సీసా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: నువ్వులనూనె 30 మి.లీ., నీలగిరి తైలం 8 చుక్కలు, నిమ్మగడ్డి తైలం 4 చుక్కలు. ఇది పెద్దవాళ్ళకి మాత్రమే.

ముందు కాళ్ళని పది నిమిషాలు గోరువెచ్చని నీళ్ళలో పెట్టించండి, గుప్పెడు రాళ్ళ ఉప్పు వేసినా వేయకపోయినా వేడి వల్లే సుఖం. తుడుచుకుని, నూనె అరచేతుల్లో రుద్ది వెచ్చబెట్టి, మడమ నుంచి మోకాలి వైపు, కింది నుంచి పైకి నిమరాలి. గట్టిగా పిసకడం వద్దు, కండరం ఇప్పటికే అలిసిపోయి ఉంది. రాసిన చేతులు సబ్బుతో కడుక్కునేదాకా కళ్ళు ముట్టుకోకండి. షుగర్ ఉన్నవాళ్ళయితే నీళ్ళ వేడి ఇంకొకరు చెయ్యి పెట్టి చూడాలి, వాళ్ళ పాదాలకి కాలుతున్న సంగతి తెలియకపోవచ్చు. వేళ్ళ సందులు కూడా చూడండి, చెప్పుల్లేకుండా నడిచినప్పుడు చిన్న గాయాలు పడి ఉంటాయి.

ఒక్క పిక్కే వాచి, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే మర్దన చేయకండి. అది రక్తం గడ్డకట్టడం కావచ్చు, డాక్టరు చూడాలి. మెట్టు తప్పి కాలు మడతపడి మోపలేకపోతున్నా అంతే. విరిగిన ఎముకకి వేసే పుత్తూరు నాటు కట్టు మీద నమ్మకం ఉన్నవాళ్ళు కూడా ముందు ఎక్స్‌రే తీయించుకుని వెళ్ళండి.

గుండు చేయించిన పిల్లలకి

కళ్యాణకట్టలో తలనీలాలు ఇచ్చాక తలకి గంధం పూయడం మనకి అలవాటు, చల్లగా హాయిగా ఉంటుంది. కానీ ముందు మంచినీళ్ళతో తల కడిగి, వెలుతురులో గాట్లు ఎక్కడైనా ఉన్నాయేమో చూడండి. రక్తం వచ్చినచోట శుభ్రమైన గుడ్డతో ఒత్తిపట్టి, ఆ చోటు వదిలి మిగతా తలకి పూయండి. బజారులో పసుపు రంగు పొట్లాల్లో అమ్మే గంధం పొడిలో రంగు, సెంటు ఎక్కువ, తాజాగా గొరిగిన పసి తలకి అది దురద తెప్పిస్తుంది. ఇంటి నుంచి గంధపు చెక్క, చిన్న సానరాయి తీసుకెళ్తే అయిదు నిమిషాల పని.

మర్నాటి నుంచి వారం రోజులు వట్టి కొబ్బరినూనె పల్చగా రాయండి. తైలాలేవీ కలపొద్దు, మంట పుట్టినా పిల్లలు చెప్పలేరు, ఏడుస్తారంతే. ఎండలో నూలు టోపీ తప్పనిసరి, ఇన్నాళ్ళు జుట్టు కింద ఉన్న చర్మం ఒక్క మధ్యాహ్నానికే కమిలిపోతుంది. గాట్ల దగ్గర చీము, వాపు, జ్వరం ఏది కనిపించినా డాక్టరు దగ్గరికే.

జలుబు, దగ్గు

పెద్దవాళ్ళకి ఆవిరి పట్టుకోవడం బాగానే పనిచేస్తుంది, దాని వేడే సగం మందు. నీళ్ళు మరగబెట్టి, గిన్నె పొయ్యి మీద నుంచి దించి, కదలని బల్ల మీద పెట్టి, ఒక నిమిషం ఆగాక గుప్పెడు తులసాకులు, చిటికెడు పసుపు వేయండి. తైలం వేయాలనుకుంటే ఒక్క చుక్క నీలగిరి, కళ్ళు మూసుకునే ఉండాలి. అయిదు నిమిషాలు చాలు.

చిన్నపిల్లలకి మాత్రం దుప్పటి కప్పి ఆవిరి పట్టించకండి. గిన్నె ఒరిగి తొడలు, పొట్ట కాలిన పిల్లలు ఎంతమందో. వాళ్ళకి నేను ఇప్పుడు చేసేది ఇంతే: మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు ముక్కులో వేస్తాను, ఏడాది దాటిన పిల్లలకి రాత్రి అర చెంచా తేనె, గోరువెచ్చని నీళ్ళు తరచుగా. ఏడాదిలోపు తేనె నాలుకకి రాయడం కూడా తప్పు, అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి చంటిపిల్లల నరాలని దెబ్బతీయగలదు. పిల్లవాడి పక్కటెముకలు లోపలికి పీక్కుపోతున్నా, పాలు తాగకపోయినా ఇంటి వైద్యం ఆపి బయల్దేరండి.

ఎండాకాలం, దోమలు, నిద్ర

చెమటకాయలకి నూనె రాయకండి, చెమట రంధ్రాలు ఇంకా మూసుకుపోతాయి. చల్లటి నీళ్ళ స్నానం, వదులైన నూలు బట్టలు, అరగదీసిన గంధం, ఇంతే. కుండలో శుభ్రంగా కడిగిన వట్టివేరు చిన్న కట్ట వేసి ఆ నీళ్ళు తాగితే ప్రాణం చల్లబడుతుంది, మూడు రోజులకోసారి కట్ట తీసి ఎండబెట్టండి. నన్నారి (సుగంధిపాల వేరు) షర్బతు కూడా మంచిదే, చక్కెర తగ్గించి కలుపుకోండి.

దోమలకి 30 మి.లీ. కొబ్బరినూనెలో 8 చుక్కల నిమ్మగడ్డి తైలం కలిపి పెద్దవాళ్ళు కాళ్ళకి, చేతులకి రాసుకోవచ్చు. కానీ ఇది గంటో, అంతకంటే కొంచెం ఎక్కువో పనిచేస్తుంది, తర్వాత దోమ మళ్ళీ వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు పడే రోజుల్లో డెంగీ భయం ఉంటుంది, ఆ దోమ పగటిపూట కుడుతుంది, అప్పుడు దీన్నే నమ్ముకోకండి. పిల్లలకి పగలు పడుకున్నా దోమతెర కట్టండి, పూలకుండీల కింద పళ్ళేల్లో, కూలర్లో నీళ్ళు వారానికోసారి పారబోసి రుద్ది కడగండి. సాంబ్రాణి, వేపాకు పొగ ఆస్తమా వాళ్ళున్న గదిలో వద్దు.

నిద్రకి డిఫ్యూజర్, అంటే తైలం వాసనని గదిలోకి వదిలే పరికరం, కొనాలని లేదు. దూదిలో ఒక్క చుక్క లావెండర్ వేసి, దిండుకి దూరంగా కిటికీ దగ్గర పెడితే చాలు. డిఫ్యూజర్ ఉంటే మూడు చుక్కలు, అరగంట, తలుపు కొంచెం తెరిచి, ఆ తర్వాత ఆపేయండి, రాత్రంతా నడిపితే తలనొప్పి వస్తుంది. ఎండాకాలంలో అయితే నేను సాయంత్రం మల్లెపూలు ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి తేలుస్తాను, ఇల్లంతా అదే వాసన.

దాచుకోవడం, పొరపాటు జరిగితే

ప్రతి సీసా మీద ఏముందో, ఎన్ని చుక్కలు వేశారో, చేసిన తేదీ, ఎవరికోసమో కాగితం అతికించండి. పోయిన సంవత్సరం నుంచి నేను పెద్దవాళ్ళ సీసాలకి ఎర్ర కాగితం, పిల్లలవాటికి తెల్ల కాగితం అతికిస్తున్నాను, కరెంటు పోయినప్పుడు కూడా పొరపాటు జరగలేదు. తలనూనె మూడు నెలల్లో వాడేయాలి, పొడులు తడి చెంచా పెట్టకపోతే ఆరు నెలలు ఉంటాయి. కుంకుడు రసం ఫ్రిజ్‌లో రెండు రోజులకి మించి ఉంచకండి. టీ ట్రీ, నిమ్మగడ్డి లాంటివి మూత తీసి ఏడాది దాటితే గాలికి మారిపోయి చర్మానికి పడకుండా పోతాయి, వాటిని బాత్రూమ్ కడిగే నీళ్ళలో వాడేస్తాను. అన్నీ వెలుతురు తగలని చోట, తాళం వేసే అరలో పెట్టండి, ఫ్రిజ్‌లో మంచినీళ్ళ సీసాల పక్కన మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

ఇంటర్నెట్‌లో చూసి నీళ్ళలో చుక్క వేసుకుని తాగేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చేయకండి. పిల్లలు ఎవరైనా తైలం తాగితే, కర్పూరం మింగితే వాంతి చేయించకండి, ఉప్పునీళ్ళు తాగించకండి, వాంతిలో తైలం ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. బాగానే ఆడుకుంటున్నాడు కదా అని ఎదురుచూడొద్దు, ఫిట్స్ కొద్ది నిమిషాల్లోనే రావచ్చు. 108కి ఫోన్ చేసి, నిద్రలోకి జారుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. కంట్లో పడితే పదిహేను నిమిషాలు ధారగా నీళ్ళు పోస్తూనే ఉండండి. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఆ సీసా కూడా చేతిలో పట్టుకెళ్ళండి. అక్కడ మొదట అడిగేది ఏం తాగాడు, ఎంత తాగాడు అనే. సీసా మీద కాగితం ఉంటే దానికి జవాబు చూపించగలరు.